వానొస్తే మా ఇంట్లో జాగారమే!

ఆకాశం నల్లబడితే మీకు మొదట ఏం గుర్తొస్తుంది? మిరపకాయ బజ్జీలా? డాబా మీద ఆరేసిన బట్టలా? నాకు మాత్రం బాత్‌రూం తూము గుర్తొస్తుంది. నవ్వకండి! హైదరాబాద్‌లో పల్లపు కాలనీలో, అందులోనూ వీధి చివర, కింది వాటాలో ఇరవై ఏళ్లు కాపురం చేస్తే మీకూ అదే గుర్తొస్తుంది.

వాన గట్టిగా పట్టిన అరగంటకి ముందు చప్పుడు వస్తుంది. ఎవరో హుక్కా పీలుస్తున్నట్టు గుడగుడమని. తర్వాత తూము జాలీలోంచి బుడగలు. ఆ వెనకాలే... చెప్పక్కర్లేదనుకుంటాను. మా వీధి ఇళ్లన్నిట్లోంచి బయటికి పోవలసినది మా ఇంట్లోకి వస్తుంది. అత్తయ్యగారి మంచం ఆ బాత్‌రూం పక్క గదిలోనే. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, రాత్రిళ్లు రెండుసార్లయినా లేవాలి. చీకట్లో ఆ నీళ్లలో కాలు పెడితే? అందుకే వాన రాత్రి నాకు నిద్ర ఉండదు. పాత దిండు గలీబులో ఇసుక పోసి కుట్టి, పాలిథిన్ కవరు చుట్టి, ఆ మూటని తూము మీద పెట్టి, దాని మీద పచ్చడి రోలు ఎక్కిస్తాను. గంటకోసారి లేచి టార్చిలైటు వేసి చూస్తాను. "పడుకోవే, వస్తే చూద్దాం" అంటారు మావారు. వచ్చాక చూసేదేముందండీ, కడగడమే! ఆ కడిగేది ఎవరు?

ఇన్నేళ్లూ నా ఫిర్యాదు ఒక్కటే. పైపు చిన్నది, పెద్ద పైపు వెయ్యాలి. కాలనీ ఆడవాళ్లం కలిసి అర్జీలు పెట్టాం, ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఓసారి తవ్వి, సగం వీధి దాకా పెద్ద పైపు వేశారు కూడా. ఏమైందో తెలుసా? పైవాళ్ల నీళ్లు ఇంకా త్వరగా మా దగ్గరికి వచ్చాయి!

పైపు చిన్నదవడం ఒక్కటే జబ్బు కాదని నాకు తెలిసింది అమెరికాలో. అదీ ఓ వంటింటి సింకు దగ్గర.

పురిటికెళ్లి నేర్చుకున్న పాఠం

2019 వేసవిలో మా అమ్మాయి పురిటికని వెళ్లాను. ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ అనే ఊరు. జనాభా లక్ష, అంతే. అల్లుడు అక్కడి నోటర్ డామ్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. అమ్మాయి చదివింది పర్యావరణ ఇంజనీరింగు. ఆ చదువేమిటో, దానికి ఉద్యోగం ఎవరిస్తారో అని చేర్పించేటప్పుడు నేను గొణిగిన మాట నిజం.

మనవడు పుట్టిన పదో రోజో పన్నెండో రోజో, అర్ధరాత్రి ఉరుములతో పెద్ద వాన. నేను ఉలిక్కిపడి లేచి, అలవాటు ప్రకారం బాత్‌రూంలోకి పరుగెత్తాను. లైటు వేసి కిందంతా వెతుకుతున్నాను. అమ్మాయి పిల్లాడికి పాలిస్తూ చూసి, "ఏం వెతుకుతున్నావమ్మా?" అంది. "తూము ఎక్కడే?" అన్నాను. అది నవ్వు ఆపుకోలేక పిల్లాడి నిద్ర చెడగొట్టింది. ఈ ఇళ్లలో బాత్‌రూం నేలకి తూమే ఉండదట! నేల మీద చెంబుడు నీళ్లు కూడా పొయ్యకూడదు. మరి తూము ఎక్కడుందీ అంటే కింద బేస్‌మెంట్‌లో, బట్టలుతికే మిషను పక్కన ఉంది. నేనూరుకుంటానా? మెట్లు దిగి వెళ్లి చూశాను. పొడిగా ఉంది. అయినా ఓ పావుగంట అక్కడే నిలబడ్డాను.

మర్నాడు ఈ సంగతి చెబితే పక్కింటి ముసలావిడ నవ్వలేదు. 2016 ఆగస్టులో ఒక్క రాత్రి ఆ ఊళ్లో 7 అంగుళాలకు పైగా వాన పడిందట. ఎన్నో ఇళ్ల బేస్‌మెంట్లు మునిగాయట. 2018 ఫిబ్రవరిలో నది రికార్డు మట్టానికి పొంగింది. ఆవిడకీ వాన అంటే నాలాగే దడ. భాష వేరైనా మా ఇద్దరికీ మాటలు భలే కలిశాయి.

ఊరి మధ్యలోంచి సెయింట్ జోసెఫ్ నది పోతుంది. పోయి పోయి మిచిగాన్ సరస్సులో కలుస్తుంది. నది పక్కనే ఈస్ట్ రేస్ అని ఓ కాలువ ఉంది. అందులో నీళ్లు వడిగా దూకుతుంటే కుర్రాళ్లు రబ్బరు పడవల మీద కేరింతలు కొడుతూ పోతారు. 1984 నుంచీ నడుస్తోంది. సాయంత్రం పిల్లాణ్ణి బండిలో వేసుకుని ఆ గట్టు మీద నడుస్తుంటే, "అమ్మా, ఈ నదిలోకే ఊరి మురుగంతా వదిలేవాళ్లు తెలుసా?" అంది మా అమ్మాయి. నేను నమ్మలేదు. అమెరికాలోనా?

అమెరికాలోనే. పాత ఊళ్లలో వాన నీటికీ, మరుగుదొడ్డి నీటికీ కలిపి ఒకటే పైపు. నూరేళ్ల కిందట అలాగే వేశారు. ఇలాంటి ఊళ్లు ఆ దేశంలో వందల్లో ఉన్నాయి. వీధుల పైపులన్నీ వచ్చి నది వెంబడి వెళ్లే ఓ పెద్ద పైపులో కలుస్తాయి. అది శుద్ధి చేసే ప్లాంటుకి తీసుకుపోతుంది. మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. వాన పడితే పెద్ద పైపు పట్టదు. అప్పుడు మురుగు ఇళ్లలోకి ఎగదన్నకుండా నదిలోకి పొర్లిపోయేలా, కలిసే ప్రతిచోటా ఓ అడ్డుగోడ కట్టి దారి వదిలారు. సౌత్ బెండ్‌లో అలాంటి దారులు 36. అంటే ఏమన్నమాట? ఇల్లు కాపాడుకోవడానికి నదిని పాడుచేశారు. నా ఇసుక మూట కంటే గొప్ప ఏర్పాటేం కాదు!

"మరి పెద్ద పైపు వెయ్యొచ్చు కదా?" అన్నాను. ఇరవై ఏళ్ల అర్జీల అనుభవం మరి.

అది నన్ను ఇంటికి తీసుకొచ్చి వంటింటి సింకు దగ్గర నిలబెట్టింది. అక్కడ సింకుకి రెండు గిన్నెలుంటాయి, చూసే ఉంటారు. ఈమధ్య మన దగ్గరా వస్తున్నాయి. రెండింటికీ కింద గొట్టం ఒకటే. రెండు గిన్నెల్లోనూ నీళ్లు నింపమంది. "ఇప్పుడు రెండు మూతలూ ఒకేసారి లాగు" అంది. లాగాను. గొట్టం పట్టలేదు. గుడగుడమని నాకు తెలిసిన చప్పుడే! ఓ గిన్నెలో నీళ్లు గబగబా దిగుతుంటే రెండో గిన్నెలో అన్నం మెతుకులు పైకి తేలాయి. మళ్లీ నింపించింది. "ఈసారి కుడివైపు మూత సగం వేసి పట్టుకో. ఎడమది తగ్గాక కాస్త కాస్త తియ్యి. రెండింటినీ చూస్తూ చెయ్యి." చేశాను. ఎక్కడా ఎగదన్నలేదు. గొట్టం అదే, నీళ్లు అవే.

"ఊరంతా ఇదే చేశారమ్మా" అంది.

మూత కింద కన్ను

వాన ఊరంతా ఒకేలా పడదు కదండీ. మన దగ్గరా అంతే. దిల్‌సుఖ్‌నగర్‌లో కుండపోతగా పడుతుంటే మియాపూర్‌లో ఎండ కాస్తుంది. అంటే ఊళ్లో ఓ వైపు పైపు నిండి పొర్లుతుంటే మరో వైపు పైపు సగం ఖాళీగా ఉంటుంది. కానీ ఆ సంగతి ఎవరికి తెలుసు? పైపులు భూమి కింద ఉన్నాయి. మూత తీసి చూస్తే తప్ప తెలియదు. వానలో, అర్ధరాత్రి, అన్ని మూతలూ ఎవరు తీస్తారు?

సౌత్ బెండ్ వాళ్లు మొదట చేసిన పని కళ్లు పెట్టడం. నోటర్ డామ్‌లో చదివిన లూయిస్ మోంటెస్ట్రూకే అనే ఆయన పెట్టిన కంపెనీ వాళ్లు మ్యాన్‌హోల్ మూతల కింద సెన్సర్లు అమర్చారు. 2008 నాటికి నూటికి పైగా చోట్ల. తర్వాత అవి 150 దాటాయి. నీళ్లు ఏ మట్టంలో ఉన్నాయో, ఎంత వడిగా పోతున్నాయో కొద్ది నిమిషాలకోసారి అవే రేడియోలో చెబుతుంటాయి. బ్యాటరీతో నడుస్తాయి. వీధిలో నడుస్తుంటే కాలికింద ఉన్నాయని కూడా తెలియదు. మా అమ్మాయి చూపిస్తే ఓ మూత మీద నిలబడి చూశాను. ఇనప మూత, అంతే! ఏదో దీపాలు వెలుగుతాయనుకున్నాను.

కళ్లు పెట్టిన కొత్తలోనే ఓ వింత బయటపడిందట. వాన లేని రోజుల్లో కూడా మురుగు నదిలోకి పోతోంది. ఎక్కడో చెత్త అడ్డుపడితే నీళ్లు పెరిగి అడ్డుగోడ దాటి పోయేవి. ఎవరో చూసి చెప్పేదాకా అలా పోతూనే ఉండేవి. ఇప్పుడు మట్టం పెరగడం మొదలుకాగానే ఆఫీసులో తెలుస్తుంది. మనుషులు వెళ్లి అడ్డు తీసేస్తారు. దాంతో ఎండ రోజుల పొర్లుడు దాదాపు లేకుండా పోయింది.

రెండో పని చేతులు పెట్టడం. అంటే గేట్లు, వాల్వులు. 2012 నాటికి పెద్ద పైపులో కలిసే ముఖ్యమైన చోట్ల, పైపు ఖాళీని బట్టి వాటంతటవే తెరుచుకుని మూసుకునే వాల్వులు బిగించారు. ఎవరు ముందు వదలాలి, ఎవరు ఆగాలి అని తేల్చడానికి వాళ్లు పెట్టిన పద్ధతి వింటే మీకు రైతుబజారు గుర్తొస్తుంది. పెద్ద పైపులో ఉన్న ఖాళీ ఓ సరుకు. దాన్ని కొనడానికి ఒక్కో వీధి పైపు తరఫున ఓ చిన్న కంప్యూటరు ప్రోగ్రాము బేరమాడుతుంది. ఎవరి పైపు మరీ నిండిపోయిందో వాళ్లు ఎక్కువ ధర పలుకుతారు. ఖాళీ వాళ్లకి దక్కుతుంది. ఇంకా చోటున్నవాళ్లు ఆగుతారు. డబ్బు లేదు, గొడవ లేదు. ప్రతి కొద్ది నిమిషాలకీ కొత్త బేరం.

దీన్నే రియల్ టైమ్ కంట్రోల్ అంటారట. పేరు పెద్దదే గానీ పొయ్యి మీద పాలు పెట్టి మనం చేసేది అదే. గడియారం చూసి మంట తగ్గించం కదా! పాలు చూసి తగ్గిస్తాం. పొంగు రాబోతుంటే తగ్గిస్తాం, అణిగితే పెంచుతాం.

ఫలితం? నదిలోకి పోయే మురుగు ఏటా సుమారు 100 కోట్ల గ్యాలన్లు తగ్గింది. మన లెక్కలో 370 కోట్ల లీటర్ల పైమాటే. 5000 లీటర్ల నీళ్ల ట్యాంకర్లు మీ వీధికి వస్తాయి చూశారా, అలాంటివి ఏడున్నర లక్షలు! నదిలో మలం వల్ల చేరే ఈ-కొలై క్రిములు సగానికి తగ్గాయి. డబ్బు సంగతి కూడా చెప్పాలి. నదిని శుభ్రం చేస్తామని ఆ ఊరు 2011లో కేంద్ర ప్రభుత్వంతో కోర్టు ఒప్పందం చేసుకుంది. కొత్త పైపులకీ, ట్యాంకులకీ 80 కోట్ల డాలర్లు దాటుతుందని అంచనా. లక్ష మంది ఉన్న ఊరికి! 1963లో స్టూడ్‌బేకర్ కార్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక చితికిపోయిన ఊరది, అంత ఎక్కణ్ణుంచి తెస్తారు? ఈ కళ్లూ చేతులూ చూపించి మళ్లీ లెక్క వేయించుకున్నారు. 2021లో ఒప్పందం సవరించారు. కొత్త అంచనా 30 కోట్ల డాలర్ల లోపే. అంటే కట్టడం మానెయ్యలేదు. ఎక్కడ కట్టాలో తెలిశాక తక్కువ కట్టారు.

పాపం, దీనితో అన్నీ తీరిపోయాయని మాత్రం అనుకోకండి. 2016 వాన నాటికి ఆ సెన్సర్లూ వాల్వులూ ఉన్నాయి. అయినా బేస్‌మెంట్లు మునిగాయి. పాలగిన్నెలో పట్టేదానికంటే ఎక్కువ పాలు పోస్తే ఎంత జాగ్రత్తగా చూసినా ఏం లాభం? బెంగళూరులో రాజకాలువల దగ్గర నీటి మట్టం చెప్పే సెన్సర్లు పెట్టారు. అయినా 2022 సెప్టెంబరులో అక్కడ ఖరీదైన విల్లాల్లోనే పడవలు తిరిగాయి. కన్ను ఉంది, నీళ్లని మళ్లించే చెయ్యి లేదు. పైగా కాలువలో పూడికా, కాలువ మీద ఇళ్లూ ఉంటే సెన్సరు మాత్రం ఏం చేస్తుంది?

విశ్వేశ్వరయ్యగారి గేట్లు

"ఇదంతా వీళ్ల తెలివే అనుకోకమ్మా" అంది అమ్మాయి ఓ రోజు. "ఎవరూ తాకకుండా నీళ్లని చూసి తెరుచుకునే గేట్లు మన విశ్వేశ్వరయ్యగారు 1903లోనే పెట్టారు." పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికట. నీళ్లు ఓ మట్టం దాటితే గేట్లు వాటంతటవే లేచేవి, తగ్గితే దిగేవి. కరెంటు లేదు, కంప్యూటరు లేదు.

ఆ పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా హైదరాబాద్‌కి ఆయన చేసిన మేలు చిన్నప్పుడు చదువుకున్నదే కదా! 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించింది. ఎగువన రెండు జలాశయాలు కట్టి వరదని అక్కడే ఆపాలని ఆయన సలహా. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. నగరం మురుగునీటి పథకమూ ఆయన రూపకల్పనే.

కానీ అమ్మాయి ఇంకో మాట అంది. ఖడక్‌వాస్లా గేటు తన ముందున్న నీళ్లనే చూస్తుంది. కింద వీధి మునిగిందా, పక్క కాలువ ఖాళీగా ఉందా, దానికి తెలియదు. సౌత్ బెండ్‌లో వాల్వు కదిలేముందు ఊళ్లో మిగతా పైపుల సంగతి చూస్తుంది. అక్కడే ఉంది తేడా.

ఆ మాట నాకు అప్పుడు సరిగ్గా ఎక్కలేదు. ఇంటికొచ్చాక ఎక్కింది.

నా మూట ఎవరి మీద?

అక్టోబరులో తిరిగొచ్చాను. ఆ తర్వాతి వానాకాలం, 2020 జూలై అనుకుంటాను, నా తూము మూట భాగోతం గొప్పగా చెబుతున్నాను మా ఇంట్లో పనిచేసే ఆవిడతో. ఆవిడ గిన్నెలు తోముతూ తల ఎత్తకుండా అంది. "మీరు ఆడ మూట పెడితే నీళ్లు యాడికి పోతయమ్మా? మా ఇంట్లకే వస్తయి."

ఆవిడ ఉండేది మా వీధి గోడ అవతల, నాలా పక్కన. మా కంటే నాలుగడుగుల పల్లం. ఇరవై ఏళ్లుగా వీధి చివర నేనే ఉన్నాననుకున్నాను! నా తర్వాత కూడా ఇళ్లున్నాయని, అక్కడ పచ్చడి రోలు పెట్టడానికి బాత్‌రూమే వేరుగా లేదని ఒక్కసారైనా ఆలోచించానా?

అంతటితో అయిపోలేదు. సౌత్ బెండ్‌లో మాదిరి ఒకే పైపు కాదు మనది. మన దగ్గర వాన నీళ్లకి నాలాలు వేరు, మురుగుకి డ్రైనేజీ వేరు. కాగితం మీద. మరి వాన పడితే డ్రైనేజీ ఎందుకు ఎగదన్నాలి? ఓ ఆదివారం ప్లంబర్ని పిలిచి ఇల్లంతా చూపించాను. డాబా మీంచి దిగే వాన గొట్టం తిన్నగా మా డ్రైనేజీ చాంబర్లోకే కలిపి ఉంది! ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ సులువని అలా కలిపేశాడు. మాది 150 గజాల డాబా. 5 సెంటీమీటర్ల వాన పడితే 6000 లీటర్లకు పైగా నీళ్లు. అవన్నీ ఇన్నేళ్లుగా మేమే మురుగు పైపులోకి తోస్తున్నాం. ఆ పైపేమో తిరిగి మా తూములోంచి కక్కుతోంది. వీధిలో అడిగితే ముప్పావువంతు ఇళ్లలో అంతే.

ఇక పైవీధి వాళ్లు చేసేది మరోటి. గేటు ముందు నీళ్లు నిలవగానే గునపం తెచ్చి మ్యాన్‌హోల్ మూత ఎత్తేస్తారు. సుడి తిరుగుతూ ఐదు నిమిషాల్లో వాళ్ల వాకిలి ఖాళీ. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో మీరు ఊహించగలరు. మూత ఎత్తకూడదని అధికారులు ప్రతి వానాకాలం చెబుతూనే ఉంటారు. తెరిచిన మూత నీళ్ల కింద కనబడక మనుషులు పడి పోయిన సంగతులూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. అయినా ఎత్తుతారు. వాళ్లని తిట్టే హక్కు నాకుందా అంటే, నా వాన గొట్టం చూశాక లేదనిపించింది.

ఆ గొట్టం కోయించి, వాన నీళ్లు ఇంకుడు గుంతలోకి మళ్లించాం. మళ్లీ ఇంటికి ఎగదన్నకుండా నాన్ రిటర్న్ వాల్వు పెట్టించుకోమన్నాడు ప్లంబరు. పెట్టించాను గానీ, అది మూసుకుంటే ఏమవుతుందో ఇప్పుడు నాకు తెలుసు కదా! బయటి నీళ్లు లోపలికి రావు, సరే. మా ఇంటి నీళ్లూ బయటికి పోవు. వాన తగ్గేదాకా మనం వాడే నీళ్లు తగ్గించుకోవాలి. ఈ ముక్క ప్లంబర్లు చెప్పరు.

ఇంతలో 2020 అక్టోబరు 13 వచ్చింది. హైదరాబాద్ వాళ్లు ఆ రాత్రి మరిచిపోరు. నగరం చుట్టుపక్కల కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లు దాటింది. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు. ఎత్తకపోతే కట్టకి ప్రమాదం, ఎత్తితే మూసీ ఒడ్డు బస్తీలకి ప్రమాదం. టీవీలో మూసారాంబాగ్ వంతెన చూస్తుంటే కడుపులో తిప్పింది. మా వాల్వూ మూటా ఏవీ పనికిరాలేదు. నీళ్లు తూములోంచి కాదు, గుమ్మంలోంచే వచ్చాయి. అత్తయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టి మావారూ పక్కింటి కుర్రాడూ పైవాటాకి మోశారు. గోడ అవతలి వాళ్లు నలభై మంది మా మెట్ల మీద, డాబా మీద రెండు రాత్రులు ఉన్నారు. పనావిడ తన గ్యాస్ సిలిండరు నెత్తిన పెట్టుకుని వచ్చింది. అంత వానకి సౌత్ బెండ్ వాల్వులూ చేతులెత్తేసేవే. ఆ మాట అమ్మాయికి ఫోన్లో చెబితే "అవునమ్మా" అంది.

కానీ ఏటా వచ్చేది అంత వాన కాదు కదా. మామూలు వానల సంగతేమిటి? అప్పుడు మొదలుపెట్టాం మా సొంత ఏర్పాటు.

పనావిడ ఇంటి ముందున్న చిన్న చాంబర్లో ఓ పాత చీపురుకర్రకి ఎర్ర పెయింటుతో మూడు గీతలు గీసి నిలబెట్టాం. పక్క రేకు సందులోంచే కర్ర కనిపిస్తుంది, మూత తియ్యక్కర్లేదు. (వీధి మ్యాన్‌హోల్ మూత మాత్రం మీరెవరూ తీసి తొంగి చూడకండి. అందులో గాలి ఒక్క పీల్పుతో మనిషిని పడేస్తుంది. మనుషుల్ని దింపి శుభ్రం చేయించకూడదని 2013లో చట్టమే వచ్చింది.) నీళ్లు రెండో గీత తాకితే ఆవిడ నాకు ఫోన్ చేస్తుంది. నేను వీధిలో ఇరవై రెండిళ్లకీ ఫోన్లో మెసేజి పెడతాను. వాషింగ్ మిషన్లు ఆపాలి. స్నానాలు వాయిదా. ట్యాంకు కడిగే పనుంటే మర్నాడు. మూడో గీత అయితే గిన్నెలు కూడా సింకులోనే ఉండాలి. గీత కిందికి దిగితే మళ్లీ మెసేజి. అప్పుడు కూడా అందరూ ఒక్కసారి మిషన్లు వెయ్యకూడదు, ముందు పల్లంలో ఉన్నవాళ్లు, తర్వాత పైవాళ్లు. సింకు పాఠం మరి!

మొదట్లో అందరూ ఒప్పుకున్నారనుకోకండి. "పనిమనిషి ఫోన్ చేస్తే మేం స్నానం మానాలా?" అని ఒకావిడ మొహం మీదే అడిగింది. పైవీధి పెద్దాయన గునపం ఇంకా గోడకి ఆనించే ఉంది, ఎత్తడం మాత్రం తగ్గింది. వాన గొట్టాలు తొమ్మిదిళ్ల వాళ్లు మార్పించుకున్నారు. మిగతావాళ్లు "చూద్దాం" అంటున్నారు. ఈ నాలుగైదు వానాకాలాల్లో తూములోంచి నీళ్లు రావడం మా ఇంట్లో రెండుసార్లే జరిగింది. గోడ అవతల ఇంకా వస్తున్నాయి, ఇదివరకటికంటే తక్కువసార్లు. దానికి నాలాలో పూడిక తియ్యాలి. మళ్లీ అర్జీ పెట్టాం, ఈసారి గీతలు ఏ రోజు ఏ వేళకి దాటాయో రాసిన పుస్తకం కూడా జతచేసి. అది చూసిన అధికారి మొదటిసారి మమ్మల్ని కూర్చోమన్నాడు. పని ఇంకా మొదలవలేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం చుట్టాలొచ్చారు. భోజనాలయ్యాయి, సింకు నిండా గిన్నెలు. పంపు తిప్పబోతుంటే ఫోన్ మోగింది.

"అమ్మా, రెండో గీత దాటింది. గిన్నెలు ఆడనే ఉండనియ్యిండ్రి. నేను చెప్తా."

పంపు కట్టేశాను. మావారు వంటింట్లోకి తొంగి చూసి, "ఏమిటి, కాఫీ లేదా?" అన్నారు. కాఫీ ఇస్తాను, కప్పు మాత్రం కడగనన్నాను.